నల్లరేగడిలో కర్బనం: నాలుగు పట్టీల డైరీ

2024 మార్చి 9

పత్తికట్టె పని మొదలైంది. వేరే ఏడాదైతే రేపు సాయంత్రం గాలి తగ్గాక కుప్పలకు నిప్పు పెట్టేవాళ్లం. ఈ నెలలో మహారాష్ట్ర వైపున్న ధర్మాబాద్ నుంచి బాసర రోడ్డు మీద రాత్రి పూట పోతే రెండు పక్కలా చేన్లలో మంటలే. సరిహద్దు రాయి దాటి తెలంగాణలోకి పోయినా అవే మంటలు.

కట్టె కాల్చేది బద్ధకంతో కాదు, ఇది ముందే రాసిపెట్టాలి. చేన్లో కట్టె, ఎండిన కాయలు మిగిలితే వాటిలో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. ఆ భయం నిజమైనది. అందుకే కాల్చొద్దు అని ఊరికే చెప్తే ఎవరూ వినరు. కాల్చకుండా, పురుగునూ మిగల్చకుండా ఏం చేయాలో చేసి చూపించాలి.

మాకున్న ఏడెకరాల్లో ఒక ఎకరం, కట్టె కాల్చకుండా, దున్నకుండా ఉంటే నేలలో కర్బనం పెరుగుతుందేమో చూసే ప్రయోగానికి నాకు ఇమ్మని బాపును అడిగాను. "ఎన్నడన్న దున్నకుండ చేను పండుతదా బిడ్డా?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే గుంటల లెక్క కొలిచి తాడు పట్టాడు. నలభై గుంటలు, నాలుగు పట్టీలు, ఒక్కోటి పది గుంటలు.

మొదటి పట్టీలో అంతా ఎప్పటిలాగే: కట్టె కాల్చి, ఏప్రిల్‌లో మట్టిని తిరగేసే పల్టీ నాగలితో లోతుగా దున్నడం. రెండో దాంట్లో కట్టెను శ్రెడర్‌తో ముక్కలు చేసి రోటవేటర్‌తో మట్టిలో కలపడం. మూడో దాంట్లో దున్నేదే లేదు. నాలుగున్నర అడుగుల గడ్డలు (మట్టి ఎత్తుచేసిన మడులు) ఒకసారి కట్టి, కట్టె ముక్కలు పైనే పరిచి, విత్తనం గుచ్చడం. ఈ దారి రాయ్‌గడ్ జిల్లా నేరళ్‌లోని సగుణా బాగ్‌లో మొదలైన ఎస్‌ఆర్‌టీ (సగుణా రీజెనరేటివ్ టెక్నిక్) పద్ధతి చూసి తీసుకున్నది. వాళ్లు మొదట వరిలో చేశారు, నేను పత్తిలో చేస్తున్నాను. నాలుగోది మూడో పట్టీ లాంటిదే, అదనంగా బొగ్గు.

మూడు, నాలుగు పట్టీల్లో కట్టె పీకలేదు. మోడు మళ్లీ చిగురించకుండా భూమికి అంగుళం కింద కోశాం. వేరు లోపలే ఉండి కుళ్లాలి. వేరు కుళ్లిన దారి గుండానే నీళ్లు దిగుతాయి, అక్కడే కర్బనం మిగులుతుంది.

2024 మార్చి 24

బొగ్గు గుంత. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, అడుగున సన్నగా, పైన వెడల్పుగా, గరాటు ఆకారంలో తవ్వాం.

మొదటిసారి అలవాటు ప్రకారం కట్టెంతా నింపి కింద నిప్పు పెట్టాను. చేనంతా పొగ కమ్మింది, చివరికి సగం బూడిద, సగం పచ్చికట్టె. రెండోసారి పద్ధతి ప్రకారం చేశాం. అడుగున చిన్న మంట వేసి, దాని మీద ఒక పొర కట్టె. ఆ పొర అంచుల మీద తెల్లటి బూడిద కనిపించగానే తర్వాతి పొర. పై పొర మంట కిందికి గాలి పోనివ్వదు, అందుకని కింది కట్టె కాలిపోకుండా బొగ్గవుతుంది. లేచే పొగను పైనున్న మంటే తినేస్తుంది. చేయి తిప్పుకోలేనంత పని. ఒక్క పొర ఆలస్యమైనా కింది బొగ్గు బూడిద అయిపోతుంది. చివరి పొర మీద బూడిద మెరవగానే డ్రమ్ము నీళ్లు గుమ్మరించాం. ఆవిరి లేచి కాసేపు ఎవరూ ఎవరికీ కనిపించలేదు.

చల్లారాక ఒక ముక్క తీసి గిన్నె అంచుకు కొడితే గాజులా ఖంగుమంది. విరిస్తే లోపల పత్తికట్టె నాళాలు తేనెతుట్టెలా కనిపించాయి. అన్ని గుంతలూ కలిపి సుమారు 300 కిలోల కట్టెకు 70 కిలోల బొగ్గు వచ్చింది.

దీన్ని ఇట్లాగే చల్లను. మా మట్టి పీహెచ్ 8 పైనే, బొగ్గుకూ క్షారగుణమే. ఆమ్ల నేలల్లో బొగ్గు చేసే మేలు నల్లరేగడిలో చేస్తుందని ఆశ పెట్టుకోకూడదు. ఇక్కడ దాని పని ఒక్కటే, కర్బనాన్ని తొందరగా కుళ్లని రూపంలో నేలలో ఉంచడం. అందుకే తక్కువ మోతాదు. పెండ, మూత్రం కలిపి మూడు వారాలు నానబెడతాను. ఖాళీ బొగ్గు వేస్తే ముందు అదే మట్టిలోని పోషకాలను పీల్చుకుంటుంది.

2024 మే 15

మట్టి తీసే రోజు. ఈ తారీఖు గుర్తుంచుకోవాలి, దీని కథ ముందుంది.

పట్టీకి మూడు చోట్ల, రెండు లోతుల్లో తీశాను: 0 నుంచి 15, 15 నుంచి 30 సెంటీమీటర్లు. చాలామంది పై 15తో ఆపేస్తారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం (ఐపీసీసీ) లెక్కలు మాత్రం 30 దాకా తీసుకుంటాయి, ఎందుకో నాకు ఆ తర్వాతి ఏడాది అనుభవంలో తెలిసింది. బరువు కోసం పది సెంటీమీటర్ల స్టీలు పైపు ముక్కను సుత్తితో దింపాం. ఆ పైపు ఘనపరిమాణం 407 ఘన సెంటీమీటర్లు. అందులో మట్టిని 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తే 529 గ్రాములు. అంటే ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు.

సేంద్రియ కర్బనం ఎకరం సగటున 0.42 శాతం. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 0.5 లోపు ఉంటే తక్కువ అని రాస్తారు. మా చుట్టుపక్కల నేను చూసిన కార్డులన్నీ అదే గడిలో ఉన్నాయి.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఎకరంలో పై 30 సెంటీమీటర్ల మట్టి సుమారు 1,578 టన్నులు. అందులో 0.42 శాతం అంటే 6.6 టన్నుల కర్బనం. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సందర్భంగా ఫ్రాన్స్ ఒక పిలుపు ఇచ్చింది: నేల కర్బనాన్ని ఏడాదికి వెయ్యికి నాలుగు వంతులు పెంచుదాం అని. మా ఎకరానికి అది ఏడాదికి 26 కిలోలు. 0.42 కాస్తా 0.4217 అవుతుంది. ల్యాబ్ కాగితం మీద ముద్రించేది రెండు దశాంశాలే. ఆ వేగంతో పోతే 0.42 కాస్తా పూర్తి 0.43 కావడానికి ఆరేళ్లు.

మొదట మనసు చిన్నబుచ్చుకుంది. తర్వాత ఆలోచిస్తే దీనికే ఈ డైరీ అవసరం అనిపించింది. ఒక్క ఏడాదిలో కర్బనం పెరిగింది అని ఎవరైనా చెప్తే ముందు వాళ్లు కొలిచిన తీరు అడగాలి.

2024 జులై 15

గోదావరి మీది బాభళి బ్యారేజీ గేట్లు ఎత్తి రెండు వారాలైంది. వాన బాగుంది, పత్తి మొలక బాగుంది, రెండో పట్టీ తప్ప. అక్కడ ఆకులు లేత పసుపు. పక్క పట్టీల మొక్కలు జానెడు లేస్తే ఇవి నాలుగు వేళ్లు.

కారణం నాకు తెలిసి ఉండాల్సిందే. పత్తికట్టెలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. ముక్కలను రోటవేటర్‌తో మట్టిలో కలిపేసరికి సూక్ష్మజీవులు విందుకు కూర్చున్నాయి. కట్టెలో నత్రజని చాలక మట్టిలోది లాక్కున్నాయి. మొక్కకు మిగలలేదు. మూడో పట్టీలో అవే ముక్కలు పైన పరిచి ఉన్నాయి. మట్టిని తాకేది అడుగు పొర మాత్రమే కాబట్టి అక్కడ ఈ పోటీ లేదు.

పెండ నీళ్లు రెండుసార్లు పోశాను, చిటికెడు చిటికెడు యూరియా వేశాను. బాపు ఏమీ అనలేదు. పొద్దున నేను లేచేసరికి ఆయనే రెండో డబ్బా పెండ కలిపి పెట్టాడు.

2024 సెప్టెంబర్ 3

సెప్టెంబర్ 1, 2 తారీఖుల్లో పడ్డ వాన ఎవరూ మర్చిపోరు. ఇటు నాందేడ్, అటు తెలంగాణ, అంతా ముంచెత్తింది.

వాన జోరు మీదుండగానే రెండు సీసాలు పట్టుకుని చేన్లోకి పోయాను. ఒకటి మొదటి పట్టీ చివర పారే నీళ్లతో, రెండోది మూడో పట్టీ కాలువ నీళ్లతో నింపాను. రాత్రంతా కిటికీలో పెట్టాను. పొద్దున చూస్తే మొదటి సీసా అడుగున రెండు వేళ్ల మందం నల్లటి బురద. రెండో దాంట్లో వేలి గోరంత, అందులోనూ సగం ఆకు ముక్కలు.

ఈ రెండు సీసాలు నాకు ల్యాబ్ కాగితం కంటే ఎక్కువ చెప్పాయి. కర్బనం ఎక్కువగా ఉండేది పై పొరలో, కొట్టుకుపోయేదీ పై పొరే. కొత్తగా చేర్చడం కంటే ముందు ఉన్నదాన్ని గోదావరి పాలు కాకుండా ఆపాలి. పత్తి మాత్రం నాలుగు పట్టీల్లోనూ దెబ్బతింది, మూడో పట్టీలో కొంచెం తక్కువ.

2024 డిసెంబర్ 28

ఈ ఎంట్రీ కొంచెం పెద్దది. రెండు తప్పులు ఉన్నాయి, ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఇవి చదవాలి.

మొదటిది. ఆత్రం ఆగక డిసెంబర్‌లోనే మళ్లీ మట్టి తీశాను. పైపు లెక్క 1.3 ఉండాల్సింది 1.18 వచ్చింది. ఆ లెక్కతో ఎకరం మట్టి 1,433 టన్నులే, 0.42 శాతానికి కర్బనం 6 టన్నులే. అంటే ఏడు నెలల్లో 600 కిలోల కర్బనం మాయమైనట్టు! ఏమీ మాయం కాలేదు. నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. మేలో నేను నెర్రెల మధ్య గట్టిగా ఉన్న చోట పైపు దింపాను, డిసెంబర్‌లో ఉబ్బిన మట్టిలో దింపాను. ఎర్రనేలలో ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. మన మట్టిలో మాత్రం ప్రతి ఏడూ అదే నెలలో, అంతే తడిలో తీయాలి. ఇకనుంచి మే 15 తప్ప వేరే తారీఖు లేదు.

రెండోది. ఒక సంచి మట్టిని వేరే ఊళ్లోని ప్రైవేటు ల్యాబ్‌కు కూడా పంపాను. ఫోన్‌లో రిపోర్టు వచ్చింది: కర్బనం 1.4 శాతం. మూడు రెట్లకు పైనే! ఒక పూటంతా గాల్లో తేలాను, చెల్లికి కూడా ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రం రిపోర్టు మళ్లీ చదివితే "మొత్తం కర్బనం" అని ఉంది. మట్టిని పూర్తిగా కాల్చి వచ్చిన వాయువును కొలిచారు. మా మట్టిలో తెల్లటి సున్నపు గులకలు ఉంటాయి. ఒక గులక తెచ్చి బాత్‌రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేస్తే బుస్సున పొంగింది. ఆ పొంగు కూడా కార్బన్ డయాక్సైడే. వాళ్లు కొలిచినదాంట్లో ఎక్కువ భాగం ఈ సున్నానిది, దానికీ నా పనికీ సంబంధం లేదు.

సగరోళి కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి మళ్లీ వాక్లీ బ్లాక్ పద్ధతిలో చేయించాను. ఇది 1934 నాటి పద్ధతి. నారింజ రంగు డైక్రోమేట్ ద్రావణం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మట్టిలోని సేంద్రియ కర్బనం ఆక్సీకరణ చెంది ద్రావణం ఆకుపచ్చగా మారుతుంది. సున్నాన్ని లెక్కలోకి తీసుకోదు, అదే మనకు కావాలి. దీనికీ లోపం ఉంది: కర్బనమంతా ఆక్సీకరణ చెందదు కాబట్టి సుమారు 1.3తో గుణిస్తారు, బొగ్గును అయితే సరిగా పట్టలేదు. చెల్లికి మళ్లీ ఫోన్ చేసి 1.4 మర్చిపొమ్మన్నాను.

2025 ఏప్రిల్ 11

రాయాలంటే చేయి రావడం లేదు.

నిన్న నాందేడ్‌లో పని ఉండి పోయాను. ట్రాక్టర్ తమ్ముడికి బాపు "చేనంతా దున్ను" అని చెప్పాడట, ఆయన ఉద్దేశం మిగిలిన ఆరెకరాలు, ఈ ఎకరంలో మొదటి పట్టీ. తమ్ముడు తెల్లారకముందే మొదలుపెట్టాడు. పొద్దున నేను చేరేసరికి పల్టీ నాగలి మూడో పట్టీలో ఉంది.

పరుగెత్తాను, చున్నీ ఊపాను. ఇంజిను ఆగింది. "అక్కా, దున్నని ముక్క మిగిలితే నన్నే తిడతరని దున్నిన" అన్నాడు. అతన్ని ఏమని అనను? పుట్టినప్పటి నుంచీ దున్నడమే మంచి పని అని విన్నవాడు. పదిలో అయిదు గుంటలు తిరగబడ్డాయి. ఏడాది కింద పరిచిన కట్టె ముక్కలు, వాటి కింద తెల్లటి బూజు తీగలు, పొడిపొడిగా తయారవుతున్న మట్టి, అంతా అడుగుకు పోయి, అడుగున ఉన్న గట్టి పెళ్లలు పైకి వచ్చాయి. ఒక పెళ్ల చేతిలోకి తీసుకుంటే ఇటుకలా ఉంది.

బాపు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "నేను పట్టీ పేరు చెప్పలేదు బిడ్డా" అన్నాడు. ఇద్దరం అక్కడే చాలాసేపు కూర్చున్నాం. లేచేటప్పుడు ఆయనే అన్నాడు, "ఈ సగం అట్లనే ఉంచు, ఏమైతదో చూద్దాం." అట్లా మూడో పట్టీ రెండు ముక్కలైంది.

2025 మే 20

మే 15న అవే చోట్లలో తీసిన మట్టి ఫలితాలు వచ్చాయి.

పై 15 సెంటీమీటర్లలో మొదటి పట్టీ 0.42, రెండోది 0.43, మూడోది దున్నని సగం 0.44, నాలుగోది 0.46. చూడ్డానికి బాగుంది, కానీ ఒకే పట్టీలో మూడు చోట్ల తీసిన వాటి మధ్యే 0.40 నుంచి 0.45 దాకా తేడా ఉంది. కాబట్టి పెరిగింది అని నేను రాయను. నాలుగో పట్టీ 0.46 మీద అసలే నమ్మకం లేదు. వేసింది 70 కిలోల బొగ్గు, అందులో మూడింట రెండు వంతులు కర్బనం అనుకున్నా, పది గుంటల పై పొర మట్టి 197 టన్నుల్లో అది 0.02కు కొంచెం పైన మాత్రమే. వాక్లీ బ్లాక్ అందులో కొంతే పడుతుంది. ఎక్కడో బొగ్గు కుప్పగా పడిన చోట మట్టి తీసే ఆగర్ దిగి ఉంటుంది.

నన్ను ఆపేసిన అంకె దున్నిన సగానిది. పైన 0.40, కింద 0.38. దున్నని సగంలో పైన 0.44, కింద 0.35. రెండూ కలిపి చూస్తే దాదాపు సమానం. నెల రోజుల్లో కర్బనం ఎక్కడికీ పోలేదు, పైనది కిందికి తిరగబడింది. పై 15 మాత్రమే తీసి ఉంటే దున్నకపోవడం వల్ల 0.04 పెరిగింది అని గొప్పగా చెప్పుకునేదాన్ని. దున్నని సేద్యం గురించి చెప్పే చాలా లాభాల్లో ఈ పొరపాటు దాగి ఉంటుంది. అసలు నష్టం ఇప్పటి నుంచి మొదలవుతుంది: విడిపోయిన పెళ్లల్లోకి గాలి, తర్వాత వాన తడి, మన ఎండ వేడి, సూక్ష్మజీవులు ఇన్నాళ్లూ అందనిది తిని గాల్లోకి వదలడం. అది తెలియాలంటే ఇంకో రెండు మూడు మే నెలలు గడవాలి.

2025 సెప్టెంబర్ 30

ఈసారి నాలుగు పట్టీల్లోనూ సోయా వేశాం. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మరాఠ్వాడా మొత్తం మునిగింది. మా కాయలు చెట్టు మీదే మొలకెత్తాయి. వాగు పక్కన చేన్లున్న వాళ్ల నేలే పోయింది. "జమీన్ ఖర్డూన్ గేలీ" అంటున్నారు ఇక్కడ, గీకేసినట్టు పోయిందని. నా పట్టీల గురించి రాయడానికి ఈ నెల మనసు రాలేదు. గడ్డల మీద నీళ్లు ఒక రోజు ముందు దిగాయి, అంతే రాస్తాను.

2025 అక్టోబర్ 19

కార్బన్ క్రెడిట్ల కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. మాట మంచిది, లాప్‌టాప్‌లో పటాలు చూపించాడు. ఉపగ్రహం, మోడల్, కొన్ని చోట్ల మట్టి పరీక్ష, వాటితో లెక్క కడతారట. ఒక క్రెడిట్ అంటే గాల్లో లేకుండా చేసిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. నేను నా లెక్క ముందు పెట్టాను. వెయ్యికి నాలుగు వంతుల వేగంతో పోతే ఎకరానికి 26 కిలోల కర్బనం, 3.67తో గుణిస్తే 95 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఒక ఎకరం ఒక క్రెడిట్ సంపాదించడానికి పదేళ్లు దాటుతుంది. మంచి యాజమాన్యంతో అంతకంటే ఎక్కువ వస్తుందన్నాడు. రావచ్చు, మాలాంటి అడుగంటిన నేలకు పెరిగే చోటు ఎక్కువే. ఎంత ఎక్కువో కొలిచి చూపించమన్నాను, 30 సెంటీమీటర్ల లోతుతో, సున్నం తీసేసి, అదే నెలలో. ఆఫీసులో అడిగి చెప్తానన్నాడు.

పక్క చేను మామ కూడా వచ్చి కూర్చున్నాడు. "నాకూ రాసుకోండి" అంటే సాత్‌బారా (భూమి ఎవరిదో చెప్పే రికార్డు) అడిగారు. మామది బటాయి (పాలుకు చేసే) సేద్యం, సాత్‌బారాలో పేరు పట్నంలో ఉండే ఆసామిది. మామ కాగితం లేకుండా లేచిపోయాడు. కట్టె కాల్చేదీ ఆపేదీ మామ చెయ్యి, క్రెడిట్ పోయేది ఆసామి ఖాతాలోకి. నేల బాగుపడ్డాక ఆసామి వచ్చే ఏడాది ఇంకొకరికి ఇవ్వనూవచ్చు, ఆ ఇంకొకరు పల్టీ నాగలి దింపనూవచ్చు. ఈ ముడి విప్పకుండా మా వైపు కర్బనం ఎన్ని మోడళ్లలో పెరిగినా నేలలో నిలవదని నా గట్టి నమ్మకం. బాపు సంతకం పెట్టలేదు. పెట్టొద్దని నేను అనలేదు, ఆ కాగితం మరాఠీలో పూర్తిగా చదివి వినిపించాను.

2025 నవంబర్ 23

శనగ మొలిచింది. మూడో పట్టీ దున్నని సగంలో సోయా మోళ్ల మధ్య నుంచి వరుసగా, దున్నిన సగంలో పెళ్లల సందుల్లోంచి ఎగుడుదిగుడుగా. రెండు చోట్లా ఒక్కో పిడికెడు మట్టిపెళ్ల తీసి, ఆరబెట్టి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో జల్లెడ మీద పెట్టాను. దున్నినది నేను టీ తాగే లోపు కరిగి అడుగున బురదగా పేరుకుంది. దున్ననిది సాయంత్రం దాకా ముక్కగానే ఉంది, అంచులు మాత్రం రాలాయి.

బాపు అమ్మ పాత ఎర్ర చీర చింపి నాలుగు మూలలా కర్రలకు కట్టాడు. జూన్‌లో హద్దు మీద పెట్టిన గ్లిరిసిడియా అనే పచ్చిరొట్ట చెట్టు కొమ్మల్లో పదిలో ఏడు చిగురేశాయి, వచ్చే ఏడు జెండాల పని ఉండకపోవచ్చు. ట్రాక్టర్ తమ్ముడిని పిలిచి పట్టీ చుట్టూ నడిపించి చూపించాడు.

రాత్రి మామ ఫోన్ చేశాడు. వచ్చే మార్చిలో తన పత్తికట్టె కాల్చడట, శ్రెడర్ ఏ ఊరి నుంచి తెచ్చామో అడిగాడు. కిరాయి చెరి సగం పెట్టుకుందామని చెప్పాను. మార్చి మొదటి ఆదివారం.